మోకాళ్ళ నొప్పి కాదు

శంషాబాద్,
9 జూన్ 2025, సోమవారం

అనంతక్కకు,

నీ చెవి మిషను మళ్ళీ పాడైందని మీ చందు మెసేజ్ పెట్టాడు. అయ్యో అనాలి గానీ, ఒక విధంగా నాకు మేలే జరిగింది. నీతో ఫోన్లో మాట్లాడాలంటే అరవాలి. నేను అరిస్తే ఈ ఇంట్లో అందరూ వింటారు. ఈ సంగతి కాగితం మీద మాత్రమే చెప్పగలను. కూర్చుని చదువు. చదివాక పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. చందుకు కూడా చూపించకు.

ఏప్రిల్ నుంచి మోకాళ్ళ నొప్పికి సూదుల వైద్యం చేయించుకుంటున్నానని నీతో సహా అందరికీ చెప్పాను కదా. నా మోకాళ్ళకు ఏమీ లేదు. నాకున్నది డిప్రెషన్.

ఆ మాట రాసి, పెన్ను పక్కన పెట్టి, వెళ్ళి బియ్యం కడిగి వచ్చాను. ఇప్పుడు మిగతాది రాస్తాను.

పోయిన చలికాలంలో మొదలైంది. నా అలవాటు నీకు తెలుసు. గ్యాస్ బండ ఏ రోజు పెట్టాను, నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొచ్చింది, కొత్త కందిపప్పు ఎన్ని విజిల్స్‌కు ఉడికింది, అన్నీ నోట్‌బుక్కులో రాసుకుంటాను. డిసెంబరులో పద్నాలుగు రోజులు ఖాళీగా ఉన్నాయి. మర్చిపోయి కాదు. రాయాలంటే పెన్ను ఎత్తాలి, ఎత్తి ఏం చేయాలి అనిపించేది. ఒకరోజు పిండిన బట్టలు బకెట్లో పెట్టుకుని డాబా మీదికి వెళ్ళాను. ముందు ఏది ఆరేయాలో తెలియలేదు. చీరా, తువ్వాలా, ఆయన చొక్కానా? సాయంత్రం దాకా నెత్తి మీద విమానాలు దిగుతూనే ఉన్నాయి, నేను బకెట్ పక్కన కూర్చునే ఉన్నాను. ఏడుపు కూడా రాలేదు అక్కా. ఏడుపు వస్తే ఎవరో ఒకరు చూసి అడిగేవాళ్ళు.

ఫిబ్రవరిలో, మనవరాలు పుట్టిన నెలలోనే, ఒక్కదాన్నే బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళి మానసిక వైద్యుడు వరప్రసాద్ గారికి చూపించుకున్నాను. రోజుకొక గోలీ రాశారు. నెలన్నరకు ఆకలి తిరిగొచ్చింది. నిద్ర మాత్రం సరిగా రాలేదు. పొద్దున కళ్ళు తెరవగానే గుండెల మీద ఇసుక బస్తా ఉండేది. డాక్టరు గారిని అడిగి, ఆయన సరేనన్నాకే ఇక్కడ బస్టాండు వెనక ఉన్న సింధు గారి దగ్గర ఆక్యుపంక్చర్ మొదలుపెట్టాను. మంగళవారం, శుక్రవారం, పదకొండు గంటలకు. నడినెత్తిన ఒకటి, కనుబొమల మధ్య ఒకటి, మణికట్ల దగ్గర రెండు, పాదాల మీద రెండు, మోకాళ్ళ కింద రెండు, మొత్తం ఎనిమిది సూదులు. ఆ మోకాళ్ళ కింది రెండింటి వల్లే నాకు అబద్ధం దొరికింది.

ఎందుకు దాచానంటావా? సరిత ప్రసవం సెలవు ఆగస్టులో అయిపోతుంది. ఎయిర్‌పోర్టులో కౌంటరు ఉద్యోగం, షిఫ్టులు. పాపను నేనే చూసుకుంటానని అందరం అనుకున్నాం. నాకూ అదే కావాలి. ఈ సంగతి తెలిస్తే కోడలు పాపను నా చేతికిస్తుందా? మా వీధిలో ఒకావిడ పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళిందని తెలిసి, ఆమె ఇంట్లో టీ తాగడం మానేసినవాళ్ళను చూశాను. వాళ్ళలో నేనూ ఉన్నాను.

అబద్ధం వల్ల ఇంట్లో జరుగుతున్నది కూడా విను. మా అత్తమ్మ రోజూ సాయంత్రం నువ్వుల నూనె కాచి నా మోకాళ్ళకు మర్దనా చేస్తోంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి. "కూసో, కాళ్ళు జాపు" అంటుంది, రాస్తుంది, తన మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ లేస్తుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

నువ్వొక్కదానివే తెలిసినదానివి. అలాగే ఉంచు.

నీ చెల్లెలు
ప్రేమలత


కల్వకుర్తి,
14 జూన్ 2025

లతా,

నా పెట్టెకు తాళం లేదు. నీ ఉత్తరం బియ్యం డబ్బాలో, అడుగున పెట్టాను.

ముందు తిట్టాల్సింది తిడతాను. ఫిబ్రవరి నుంచి గోలీలు మింగుతూ నాకు జూన్‌లో చెప్తావా? ముప్పై నాలుగేళ్ళు ఏఎన్ఎం ఉద్యోగం చేసినదాన్ని. ఈ చుట్టుపక్కల నా చేతి సూది తినని పిల్లాడు లేడు. డిప్రెషన్ అంటే నాకు తెలియదా? బీపీ ఎట్లాగో ఇదీ అట్లాగే. డాక్టరు గోలీ రాస్తాడు, మనం మింగుతాం. ఇందులో మోకాళ్ళను ఎందుకు ఇరికించావు?

నాకు అంతుపట్టనిది ఆ సూది. అందులో మందేముంటుంది? పక్కింటావిడ కోసమని చెప్పి చందును అడిగాను. వాడు ఫోన్లో చూసి, "ఏముండదమ్మా, ఉత్త సూదే" అన్నాడు. మందు లేని సూది గుచ్చడమేమిటి? ఖాళీ సిరంజి పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళి ఉంటే నన్ను తరిమి కొట్టేవాళ్ళు.

నువ్వు పద్ధతి మనిషివి కాబట్టి నీ పద్ధతిలోనే చెప్తాను. పప్పులో చింతపండు, టమాట రెండూ వేశాక, పులుపు దేనివల్ల వచ్చిందో చెప్పగలవా? రెండు వైద్యాలూ కలిపి చేస్తూ నోట్‌బుక్కులో ఏం రాస్తావు? ఒకటి ఆపు. ఆపి నెల రోజులు చూడు. నిన్ను నిలబెడుతున్నది ఏదో అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ ఒక వాన పడి మొహం చాటేసింది. చెవి మిషను బాగుచేసేవాడు పది రోజులంటున్నాడు. వాడు చెప్పింది నాకు సరిగా వినపడలేదు, పదిహేను కూడా అయి ఉండొచ్చు.

ధైర్యంగా ఉండు. అన్నం మానకు.

అక్క


శంషాబాద్,
23 జూన్ 2025, సోమవారం

అక్కకు,

బియ్యం డబ్బాలోనా? ఇక ఆ ఉత్తరం పురుగులు చదువుతాయి. పోనీలే, వాటికి కోడళ్ళు ఉండరు.

నువ్వడిగిందే నేనూ మొదటి రోజు సింధు గారిని అడిగాను. ఆవిడది కాకినాడ వైపు. ప్రకృతి వైద్యం చదివి ఇక్కడ స్థిరపడ్డారు. మాట నిదానం. "ఇందులో మందేమీ ఉండదండీ. కొన్ని చోట్ల సన్నటి సూది పెడితే శరీరం కొంచెం నెమ్మదిస్తుంది. నిద్రకూ, ఆందోళనకూ కొందరికి బాగా ఉపయోగపడుతుంది, కొందరికి అంతగా ఉండదు. పరిశోధనల్లోనూ రెండు మాటలూ ఉన్నాయి. మీ డాక్టరు గారి వైద్యానికి ఇది తోడు మాత్రమే. నేను గ్యారంటీ ఇవ్వనమ్మా" అన్నారు. ఈ శంషాబాద్‌లో ప్లాటు అమ్మేవాడి దగ్గర్నుంచి ఫిల్టరు నీళ్ళు పోసేవాడి దాకా అందరూ గ్యారంటీ ఇచ్చేవాళ్ళే. ఇవ్వని మనిషిని మొదటిసారి చూశాను. అందుకే నమ్మాను.

సూది దిగేటప్పుడు చీమ కుట్టినంతే. తర్వాత ఆ చోట బరువుగా, గోరువెచ్చగా అవుతుంది. అరగంట పడుకోవాలి. ఆవిడే ఇంకొన్ని నేర్పారు. పొద్దున ఏడింటికల్లా ఎండలో అరగంట నడక, తుమ్మెదలా ఝుమ్మని శబ్దం చేస్తూ ఊపిరి వదలడం, మధ్యాహ్నం నిద్ర మానడం. రోజూ నోట్‌బుక్కులో మూడు విషయాలు రాస్తాను. ఎన్ని గంటలు నిద్రపోయాను, ఎన్నిసార్లు తిన్నాను, మనసు పదికి ఎంత ఉంది. మే నెలలో మూడు, నాలుగు ఉండేది. జూన్‌లో అయిదు.

ఇక నీ చింతపండు మాట. ఎన్ని రకాలుగా ఆలోచించినా నీదే సరైనదని తేలింది. శుక్రవారం, అంటే 20వ తేదీ నుంచి ఒకటి ఆపాను. గోలీ ఆపాను.

ఏది ఆపాలో నువ్వు రాయలేదు. నేనే తేల్చుకున్నాను. సూదులు లేకుండా గోలీ ఒక్కటే ఎలా పనిచేసిందో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నా దగ్గర రాసి ఉంది. గోలీ లేకుండా సూదులు ఒక్కటే ఎలా పనిచేస్తాయో లేదు. ఆ గడి ఒక్కటే ఖాళీ. మరి ఆపాల్సింది గోలీనే కదా? డాక్టరు గారికీ, సింధు గారికీ చెప్పలేదు. చెబితే ఎవరి వైపు వాళ్ళు లాగుతారు, నా పరీక్ష చెడిపోతుంది. నెల పూర్తయ్యాక ఇద్దరి ముందూ నోట్‌బుక్కు పెడతాను.

నాలుగు రోజులైంది. కొంచెం తల తిరుగుతోంది, అంతే.

ప్రేమలత


కల్వకుర్తి,
26 జూన్ 2025

లతా,

నీ జవాబు ఇంకా రాలేదు. సూదులు ఆపమన్నానని అలిగావా? అలిగినా ఆపి ఉంటావు, నీ సంగతి నాకు తెలుసు. ఇప్పుడు చూడు, ఆ గోలీ ఒక్కదానితోనే ఎంత కుదురుగా ఉంటావో. మంగళవారాలూ శుక్రవారాలూ నీకు మిగులుతాయి. పచ్చడి పెట్టుకో.

రేపు చందు అత్తగారి ఊరు వెళ్తున్నాం. వాళ్ళ చిన్నమ్మాయి పెళ్ళి. వచ్చే శనివారానికి తిరిగొస్తాం. పెళ్ళిలో నాకు ఏమీ వినపడదు కాబట్టి అందరితో నవ్వుతూ తల ఊపుతాను. పోయినసారి అలా ఊపి, ఎవరికో నా పట్టుచీర ఇస్తానని ఒప్పుకున్నానట.

అక్క


శంషాబాద్,
2 జూలై 2025

అక్కా,

తల తిప్పితే లోపల కరెంటు కొట్టినట్టు ఉండేది. అది తగ్గింది. ఇసుక బస్తా మళ్ళీ వచ్చింది. ఇదివరకటి కంటే బరువుగా ఉంది.

నిన్న మంగళవారం. వెళ్ళలేదు. చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. అత్తమ్మ వచ్చి "మోకాళ్ళు గుంజుతున్నయా బిడ్డా" అంది. అవునన్నాను.

పదికి ఎంత అని రాయాలి. సున్నా వేయడానికి కూడా చెయ్యి రాలేదు. గీత గీశాను.

నేను లేకపోతే ఈ ఇంట్లో ఏ పనులు ఆగుతాయో రాద్దామని కూర్చున్నాను. ఒక్కటీ తోచలేదు.

మా ట్యాక్సీల్లో ఒకటి నడిపే సత్తయ్యకు ఇచ్చి ఇది పోస్టు చేయిస్తున్నాను.

లత


కల్వకుర్తి,
10 జూలై 2025

లతా,

ఆదివారం మీ ఇంట్లో నేను చేసిన పని నీ కళ్ళముందే జరిగింది. అయినా నా వైపు నుంచి రాయకపోతే నాకు ముద్ద దిగడం లేదు.

శనివారం సాయంత్రం పెళ్ళి నుంచి వచ్చేసరికి నీవి రెండు ఉత్తరాలూ గుమ్మంలో పడి ఉన్నాయి. మొదటిది చదివి నెత్తి కొట్టుకున్నాను. రెండోది రెండుసార్లు చదివాను. తను లేకపోతే ఏమవుతుందో లెక్కలు వేసుకునే ఆడదాన్ని నేను ఇదివరకు చూశాను, లతా. ఆమె కథ ఇప్పుడు వద్దు. తెల్లవారగానే మొదటి బస్సెక్కాను, తుక్కుగూడలో దిగి ఆటో పట్టుకున్నాను.

మీ వాళ్ళంతా హాల్లో టిఫిన్ తింటున్నారు. నువ్వు లోపలి గదిలో మంచం మీద ఉన్నావు. ఎవరికీ వినపడకూడదని నీ చెవి దగ్గర నోరు పెట్టి, నా లెక్కలో గుసగుసగానే అన్నాను, "డిప్రెషన్ గోలీలు ఎందుకు ఆపినవే? నేను ఆపుమన్నది సూదులు గదనే!" నా గొంతు నాకు వినపడదు కదా. తలుపు సందులోంచి చూస్తే నీ కొడుకు మహేష్ చేతిలో ఇడ్లీ నోటికీ పళ్ళేనికీ మధ్య ఆగిపోయి ఉంది. అప్పుడు తెలిసింది.

తప్పు ముందు నుంచీ నాదే. ఏది ఆపాలో రాయలేదు. గోలీ ఆపుతావని నా బుర్రకు తట్టలేదు. నర్సుకు తట్టాలి. డాక్టరుకు చెప్పకుండా ఈ గోలీలు చప్పున మానేస్తే మనిషి పడిపోతుందని ఎంతమందికి చెప్పానో నేను! సోమవారం మహేష్ తీసుకెళ్తే డాక్టరు గారు గోలీ మళ్ళీ మొదలుపెట్టించారని మెసేజ్ చూశాకే ఊపిరి పీలుస్తున్నాను. ఆయన చెప్పినట్టు ఆ జాబితాల ఆలోచన మళ్ళీ వస్తే అదే నిమిషంలో ఎవరో ఒకరిని పిలువు. ఒంటరిగా ఉండకు.

రెండో తప్పును మాత్రం దిద్దగలను. మీ ఇంటికి ఒక ఉత్తరం రాస్తాను. నేను ముసలిదాన్ని, చెవిటిదాన్ని, మా ఊళ్ళో ఎవరి సంగతో మా చెల్లెలికి అంటగట్టాను, దానికి మోకాళ్ళ నొప్పే అని రాస్తాను. వాళ్ళు నమ్ముతారు. నమ్మాలని వాళ్ళకూ ఉంటుంది. నువ్వు ఊఁ అను, చాలు.

అక్క


శంషాబాద్,
21 జూలై 2025, సోమవారం

అక్కా,

ఊఁ అనను.

పది రోజులు నీ మీద కోపంతో రాయలేదు. నువ్వు గుసగుసలాడితే మా పక్క టీ కొట్టులో వినపడింది. ఆ రోజు నువ్వు వెళ్తూ వెళ్తూ మెట్ల మీద "ఎవ్వరికీ తెల్వలేదు లే" అని కూడా అదే గొంతుతో అన్నావు. కోపం తగ్గాక ఒకటి అర్థమైంది. రెండు ఉత్తరాలు చదివి మొదటి బస్సెక్కిన మనిషి నువ్వొక్కదానివే.

ఆ సాయంత్రం ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు. మీ మరిది తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాడు. "అయిందేదో అయింది. గిది బయట చెప్పకు. మోకాళ్ళే అందాం. నా కార్లు ఎక్కేటోళ్ళకు తెలిస్తే ఏమనుకుంటరు?"

"ఎక్కేటోళ్ళు ఫ్లైటు దొరుకుతదా లేదా అనుకుంటరు. నా గురించి ఎందుకనుకుంటరు?" అన్నాను.

అత్తమ్మ అంతసేపూ నన్నే చూస్తోంది. "ఇన్నొద్దుల సంది నేను నూనె రాసింది దేనికే?" అంది. క్షమించమన్నాను. ఆమె ఆగలేదు. "నాకు రాలేదా గీ బాధ? మీ మామ పోయినంక రెండేండ్లు గోడ దిక్కు మొకం వెట్టి పండుకున్న. నేను పోయిన్నా సూదులకు? నేను మింగిన్నా గోలీలు?"

"పోలేదు అత్తమ్మా. నీకేమైందని ఎవరన్నా అడిగిన్రా?"

ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

సరిత పాపను ఎత్తుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది. మర్నాడు మహేష్ వచ్చి, నా మొహం చూడకుండా, "అమ్మా, ఆగస్టుల సరితోళ్ళమ్మ వస్తనంటుంది. నువ్వు జర రెస్ట్ తీస్కో" అన్నాడు. రెస్ట్ అనే మాట అంత గట్టిగా తగులుతుందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

నువ్వు ఆ ఉత్తరం రాస్తే పాప నా చేతికి వస్తుంది. అది నాకు తెలుసు. మోకాళ్ళు నొప్పి పెట్టే నానమ్మకు పిల్లను ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ మళ్ళీ ఒకరోజు ఆ బస్తా నా గుండెల మీదికి వస్తే నేను ఏమని చెప్పాలి? మళ్ళీ మోకాళ్ళు పట్టుకోవాలా? ఆ మంగళవారం నేను గుమ్మంలో కూర్చున్నప్పుడు నా చుట్టూ నలుగురు మనుషులున్నారు. వాళ్ళు మంచివాళ్ళే. నేను చెప్పిన చోట నూనె రాశారు. నేను వేరే చోటు చూపించాను, అంతే. ఇంకోసారి చూపించను. నువ్వు అరిచింది నిజం. అది అలాగే ఉండనీ.

శుక్రవారం సింధు గారికి గోలీ ఆపిన సంగతి చెప్పాను. "నా సూదుల మీద ఇంత నమ్మకం పెట్టుకున్నందుకు సంతోషించాలో భయపడాలో తెలియడం లేదమ్మా. ఇక నుంచి రోజూ గోలీ వేసుకున్నట్టు నోట్‌బుక్కులో చూపిస్తేనే సూది పెడతాను" అన్నారు. నేను ఒప్పుకున్నాను.

నిన్న ఆ నోట్‌బుక్కు తీసుకుని మేడ మెట్లెక్కాను. చకచకా ఎక్కాను, అందరూ చూస్తుండగా. సరిత ముందు పెట్టి, "నాకేమైందో ఇండ్ల ఉంది. డిసెంబరు నుంచి. గోలీ ఆపిన పదిహేడు రోజులు గూడ ఉన్నయి, చింపలే. చదువు" అన్నాను.

"చదివి నేనేం జెయ్యాలె అత్తమ్మా?" అంది. పాపను ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది.

"నీ ఇష్టం బిడ్డా. పాపను నాకిస్తవా ఇయ్యవా నీ ఇష్టం. నేనైతే మంగళవారం పోత, శుక్రవారం పోత. ఎవలన్న అడిగితే ఎందుకు పోతున్ననో చెప్త."

నోట్‌బుక్కు అక్కడే వదిలి కిందికి దిగాను.

ప్రేమలత


కల్వకుర్తి,
30 జూలై 2025

లతా,

చెవి మిషను వచ్చింది. పెట్టుకోగానే మొదట వినపడింది మా కోడలు నన్ను తిట్టడం. తీసి జేబులో వేసుకుందామంటే చీరకు జేబు లేదు.

నీ ఉత్తరం చదివాక నా ఉద్యోగం రోజులు గుర్తుకొస్తున్నాయి. బుధవారం బుధవారం దవాఖానకు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. నడుము నొప్పి సిస్టరూ, తలనొప్పి సిస్టరూ, కాళ్ళు గుంజుతున్నాయి సిస్టరూ. అందరికీ బీ కాంప్లెక్స్ ఇచ్చి పంపేదాన్ని. ముత్తమ్మ అని ఒకామె ఉండేది. పదిసార్లు వచ్చింది, పదిసార్లూ నడుమే చూపించింది. పదకొండోసారి రాలేదు. బావి దగ్గర దొరికింది. తన పిల్లల బట్టలన్నీ మడిచి, ఏవి ఎక్కడున్నాయో పక్కింటామెకు చెప్పి మరీ వెళ్ళిందట. నేను ఇంకోచోట నొప్పి ఉందా అని ఒక్కసారి కూడా అడగలేదు. మీ అత్తను నువ్వడిగిన మాట నన్నే అడిగినట్టుంది.

సరే, అరిచిన మాట అలాగే ఉండనీ. నేను ఉత్తరం రాయను.

కానీ రెండు మాటలు వినాలి. ఒకటి, గోలీ మళ్ళీ మొదలుపెట్టాక లేచావు కదా? అంటే పనిచేసింది గోలీయే అని తేలిపోయింది. ఇంకా ఆ ఉత్త సూదులెందుకు? రెండు, ఎట్లాగైనా పాపను నీ దగ్గరే ఉంచుకో. అవసరమైతే ఆ మంగళవారం, శుక్రవారం మానేస్తానని సరితకు చెప్పు, ఆమెకు ధీమాగా ఉంటుంది. పసిపిల్ల ఒళ్ళో ఉంటే అన్నీ మర్చిపోతావు. అంతకన్నా మందు లేదు.

అక్క


శంషాబాద్,
20 ఆగస్టు 2025, బుధవారం

అక్కకు,

నీ ఉత్తరంలో ముత్తమ్మ దగ్గర ఆగిపోయాను. ఆ కాగితం మడిచి రెండు రోజులు తీయలేదు. నువ్వు అడగలేదు నిజమే. ఆమె కోసం ఎక్కాల్సిన బస్సు నాకోసం ఎక్కావని అనుకుంటున్నాను.

నీ రెండు మాటలకు జవాబు. ఏది పనిచేస్తోందని నన్ను ఇంక అడగకు. ఇప్పుడు ఆరున్నర గంటలు నిద్రపోతున్నాను. మనసు పదికి ఆరు, అప్పుడప్పుడు అయిదు. గోలీ మింగుతున్నాను, సూదులు పెట్టించుకుంటున్నాను, ఎండలో నడుస్తున్నాను, అడిగినవాళ్ళకు నిజం చెప్తున్నాను. ఏది ఎంత అంటే నాకు తెలియదు. తెలుసుకోవాలని ఒకసారి ప్రయత్నించి చూశాను, దాదాపు చచ్చాను. డాక్టరు గారు తగ్గించమన్నప్పుడు, ఆయన తగ్గించమన్నదే తగ్గిస్తాను. నేను పప్పును కాను.

రెండోది. పాప మందు కాదు. ఆరు నెలల పిల్ల నెత్తిన ఆ పని పెట్టడం నాకిష్టం లేదు. నాకు బాగుంటే ఆమెను ఎత్తుకుంటాను, ఎత్తుకుని బాగుపడాలని కాదు.

సరిత నోట్‌బుక్కును ఇరవై అయిదు రోజులు తన దగ్గరే ఉంచుకుంది. నేను కొత్త పుస్తకంలో రాసుకున్నాను. పోయిన గురువారం కిందికి వచ్చి నా పక్కన కూర్చుంది. "మా అమ్మను రావొద్దన్న అత్తమ్మా."

"ఎందుకు?"

"మా అమ్మకు బాగలేకుంటే నాకు చెప్పది. ఎవ్వరికీ చెప్పది. మీరైతే నెంబరేసి మరీ రాసిన్రు." పుస్తకం నా ఒళ్ళో పెట్టి, "మూడు రోజులు వరుసగ నాలుగు కన్న కిందికి పోతే మీరు నాకు చెప్పాలె. నేను సెలవు పెడ్త. దాసిపెట్టిన్రని తెలిస్తే మాత్రం ఊకోను" అంది.

న్యాయమైన షరతు. ఒప్పుకున్నాను. నాదీ ఒకటి పెట్టాను. మంగళవారం, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా పాప నాది కాదు, తాతది.

మీ మరిది మంచం మీది నుంచి లేచి కూర్చున్నాడు. "నేనా? పసిపిల్లనా? నా డ్యూటీలేం గావాలె?"

"నీ కార్లకు డ్రైవర్లున్నరు. నాకెవరున్నరు?"

"నేను నేర్పిస్త తీయ్" అంది అత్తమ్మ వంటింట్లోంచి. "వీడు పుట్టినప్పుడు వీడి నాయిన గూడ గిట్లనే అన్నడు. గప్పుడు నేను నోరు మూసుకున్న."

సోమవారం సరిత డ్యూటీకి వెళ్ళింది. నిన్న మొదటి మంగళవారం. పాలు కలిపి పెట్టాను, బట్టలు తీసి పెట్టాను, వెళ్ళాను. ఎనిమిది సూదులూ పెట్టి, తెర వేసి సింధు గారు పక్క గదిలోకి వెళ్ళారు. పావుగంట గడిచిందో లేదో, తెర అవతల వరండాలో పాప ఏడుపు వినపడింది. ఇంట్లో ఊరుకోబెట్టలేక మీ మరిది ఎత్తుకుని వచ్చేశాడు. అక్కడే నడుము నొప్పికి వచ్చిన సత్తయ్య కూర్చుని ఉన్నాడు.

"ఏందన్నా, పిల్లనెత్తుకొచ్చినవు? వదిన మోకాళ్ళు ఇంక తగ్గలేదా?"

నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన ఏమంటాడో నాకు తెలుసనుకున్నాను.

"మోకాళ్ళు కాదురా. డిప్రెషన్. గోలీలు మింగుతది, సూదులు వెట్టించుకుంటది. ఏంది గట్ల జూస్తవు? నీ నడుముకు నువ్వు రాలే? ఆమె మనసుకు ఆమె వచ్చింది. లేచి జర ఫ్యాన్ వెయ్, పిల్లకు ఉక్కపోస్తుంది."

ఫ్యాన్ తిరిగిన చప్పుడు వినపడింది.

పాప ఊరుకోలేదు. ఆ ఏడుపు ఆకలిది కాదు, నిద్రది. భుజాన వేసుకుని, వీపు కింది భాగాన నెమ్మదిగా తడితే రెండు నిమిషాల్లో పడుకుంటుంది. నాకు తెలుసు, ఆయనకు తెలియదు. ఎక్కడెక్కడో తడుతున్నాడు, చప్పుడును బట్టి తెలుస్తోంది. నా చేతులు వాటంతట అవే లేవబోయాయి. మణికట్ల దగ్గర సూదులు కదిలి చురుక్కుమంది. ఈ ఇంటికి వచ్చి ఇరవై తొమ్మిదేళ్ళైంది అక్కా, ఏ ఏడుపు వినపడినా, ఏ కుక్కరు కూత పెట్టినా, ఎవరు "ఏమే" అన్నా లేచాను.

సింధు గారు తెర పక్కకు జరిపారు. "తీసేయమంటారా ప్రేమలత గారూ?"

గోడ గడియారం చూశాను.

"వద్దండీ. ఇంకా పన్నెండు నిమిషాలుంది. ఆయన నేర్చుకుంటాడు" అన్నాను.

తెర మళ్ళీ వేశారు. నేను లేవలేదు.

నీ చెల్లెలు
ప్రేమలత